మొనాకో హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ వీల్‌తో రోజూ గోడకే! జాయ్‌స్టిక్‌కి వెనక్కి వెళ్లిపోవడమే నయమా?

రాయగడ_రేస్

అన్నలూ, కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. నాలుగేళ్లుగా జాయ్‌స్టిక్‌తోనే ఎఫ్1 (ఫార్ములా వన్ కారు రేసు) గేములు ఆడుతున్నాను. దసరాకి ముందు వైజాగ్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ లాజిటెక్ జీ29, అదే గేములకి వాడే స్టీరింగ్ వీల్, పెడల్స్ సెట్టు, కొన్నాను. రైల్లో ఒళ్లో పెట్టుకుని రాయగడ దాకా తెచ్చుకున్నాను, పక్క సీటాయన పార్వతీపురంలో దిగేదాకా నేనేదో కారు మెకానిక్ అనుకుని వాళ్ల ఆల్టో గురించి అడుగుతూనే ఉన్నాడు.

మోంజా, స్పా లాంటి వెడల్పు ట్రాకుల మీద భలే ఉంది, ఇన్నాళ్లూ ఎందుకు కొనలేదా అనిపించింది. గొడవంతా ఇరుకు ట్రాకులతోనే. మొనాకోలో ఆరో మలుపు, ఆ హోటల్ ముందు ఎడమ వైపు తిరిగే హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినట్టుండే యూ మలుపు) ఉంది చూడండి, పది ల్యాపులు వేస్తే ఏడెనిమిది సార్లు అక్కడ తగిలిస్తున్నాను. స్టీరింగ్ తిప్పుతూనే ఉంటాను, తిప్పుతూనే ఉంటాను, చేతులు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, కారు మాత్రం ఇంకా తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అది దాటినా స్విమ్మింగ్ పూల్ దగ్గర కుడి ఎడమల్లో ఎక్కడో ఒకచోట చక్రం ఊడుతుంది. జాయ్‌స్టిక్‌తో 1:13 కొట్టేవాణ్ణి, వీల్‌తో గోడ తగలని ల్యాపు ఒకటి దొరికితే అది 1:19. బాకు ట్రాకులో కోట పక్కన సందు సంగతి అడగొద్దు.

సెటప్ చెబుతాను, నవ్వకండి. లేప్‌టాప్‌ని హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీకి కలిపాను. వీల్‌ని అమ్మ కుట్టు మిషన్ బల్లకి బిగించాను, మిషన్ తలని లోపలికి దించేస్తే పైన చదునుగా ఉంటుంది కదా. కింద తొక్కుడు పలక అడ్డం కాబట్టి పెడల్స్ కొంచెం పక్కకి జరిగాయి. కూర్చునేది చక్రాలున్న ఆఫీసు కుర్చీ.

వీల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేది ఇప్పుడు 900 డిగ్రీల మీద ఉంది. ఒక వీడియోలో 240కి తగ్గించేయమన్నారు, ఇంకో వీడియోలో 900 తగ్గించినవాడు అసలు డ్రైవరే కాదన్నారు. ఎవరిది నమ్మాలి?

పర్లాకిమిడి_పిట్

ఇద్దరిదీ నమ్మకు తమ్ముడూ. ఏ గేము అన్నది చెప్పకుండా డిగ్రీలు చెప్పేవాడు ఏ వైద్యుడైనా సరే, జ్వరం చూడకుండా మాత్ర ఇచ్చేవాడే.

ముందు జాయ్‌స్టిక్ సంగతి అర్థం చేసుకో. ఆ పుల్ల ఈ చివర నుంచి ఆ చివరకి కదిలేది చాలా కొంచెమే, రెప్పపాటులో ఫుల్ లాక్, అంటే చక్రాలు తిరగగలిగినంతా తిరిగిపోతాయి. పైగా గేము లోపల నీకు తెలియకుండా సాయం చేస్తుంది, వేగంగా పోతున్నప్పుడు నువ్వు పుల్లని మొత్తం లాగినా కారుని కొంచెమే తిప్పుతుంది, నెమ్మదిగా ఉన్నప్పుడు మొత్తం తిప్పుతుంది. వీల్‌కి ఆ దాది లేదు. నీ చేయి ఎంత తిరిగితే అంతే. కాబట్టి మొదటి నెల 1:19 రావడం సిగ్గుపడాల్సిన విషయమే కాదు.

ఇక డిగ్రీలు. 900 అంటే అటు 450, ఇటు 450. నిజమైన ఎఫ్1 కారు స్టీరింగ్ అటూ ఇటూ సగం సగం చుట్టు తిరుగుతుంది, అంతే, చేతులు వదలాల్సిన పనే ఉండదు. నీ వీల్ 900 మీద ఉండి, గేము దాన్నంతా సమానంగా పంచేసిందనుకో, నువ్వు చేతులు వదలకుండా తిప్పగలిగిన 180 డిగ్రీలకి కారు చక్రాలు తిరిగేది 40 శాతమే. మిగతా 60 శాతం కోసమే నువ్వు చేతులు మార్చుకుంటూ తంటాలు పడుతున్నావు. ఈలోపు గోడ వచ్చేస్తుంది.

కాబట్టి ఎఫ్1 గేముకి జీ హబ్‌లో (లాజిటెక్ వాళ్ల సెట్టింగుల సాఫ్ట్‌వేర్) 360 పెట్టు. 240 వద్దు, హెయిర్‌పిన్ సుఖంగా ఉంటుంది కానీ టన్నెల్లో వేగం గంటకి 280 కిలోమీటర్లు దాటినప్పుడు నువ్వు తుమ్మినా కారు లైన్ మారిపోతుంది. అదే అసెట్టో కోర్సా అనే ఇంకో రేసు గేము ఆడితే మాత్రం 900 దగ్గరే వదిలేయ్, అక్కడ గేము ప్రతి కారు లాక్ ఎంతో తనే చూసుకుని దానికి తగ్గట్టు సరిపెడుతుంది. మామూలు రోడ్డు కారుకి రెండున్నర చుట్లు, రేసు కారుకి తక్కువ, అలా. రెండు గేములకీ రెండు ప్రొఫైల్స్ చేసి పెట్టుకో. లేకపోతే ఒకటి మార్చి రెండోది మర్చిపోయి మళ్లీ ఇక్కడికే వస్తావు.

జైపూర్_జీటీ

పిట్ అన్న డిగ్రీలు సరిగ్గానే చెప్పాడు, కానీ నాకు ఆ పోస్టులో డిగ్రీల కంటే టీవీ కనిపించింది. "హాల్లో ఉన్న టీవీ" అన్నప్పుడే సగం జబ్బు తెలిసింది.

టీవీలు బొమ్మని అందంగా చూపించడానికి లోపల ఏవేవో పనులు చేస్తాయి, కదలికని నున్నగా చేయడం, రంగులు పెంచడం. సినిమాకి బాగుంటుంది. గేములో మాత్రం నువ్వు తిప్పింది తెర మీద కనిపించేసరికి ఆలస్యం అవుతుంది. వెడల్పు ట్రాకుల్లో ఇది తెలియదు, మలుపు పొడుగ్గా ఉంటుంది కాబట్టి సర్దుకుంటావు. మొనాకోలో సర్దుకోవడానికి చోటెక్కడిది?

ఇప్పుడే ఒక పరీక్ష చెయ్. కారుని పిట్‌లోనో ట్రాక్ మీదో ఆపి, కాక్‌పిట్ కెమెరా పెట్టి, నీ వీల్‌ని గబగబా కుడికి ఎడమకి ఊపు. తెర మీద డ్రైవర్ చేతులు నీ చేతులతో కలిసి కదులుతున్నాయా, నీ వెనక నడుస్తున్నాయా చూడు. తర్వాత హెచ్‌డీఎమ్‌ఐ తీసేసి అదే పని లేప్‌టాప్ తెర మీద చేసి చూడు. తేడా కళ్లకే తెలుస్తుంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్. గేములో వీ-సింక్ (బొమ్మ చీలకుండా తెరతో కలిపి నడిపే సెట్టింగు) ఆన్‌లో ఉంటే ఆపు.

ఇంకోటి, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, అంటే వీల్ మోటార్లు నీ చేతిని తోసే బలం, 100 పెట్టి ఉంటావు, కొత్తలో అందరూ పెడతారు, నేనూ పెట్టాను, భుజం నొప్పి వచ్చింది, గొప్పగా ఫీలయ్యాను. ఆ వీల్ మోటార్ల బలం మొత్తం కలిపి సుమారు 2 న్యూటన్ మీటర్లు, అంతకు మించి తోయలేదు. గేము అంతకంటే ఎక్కువ అడిగితే అది తన గరిష్ఠం దగ్గరే నిలబడిపోతుంది, అప్పుడు మామూలు మలుపు, గట్టి మలుపు, టైరు పట్టు వదిలిన మలుపు, అన్నీ చేతికి ఒకేలా తగులుతాయి. 60, 65కి దించు. రంబుల్ స్ట్రిప్ (ట్రాక్ అంచున ఉండే గరుకు పట్టీ), ట్రాక్ బయట వచ్చే అదుర్లు సగానికి కొట్టేయ్, అవి సమాచారం కాదు, సందడి. అప్పుడు తెలుస్తుంది నీకు, ముందు టైర్లు పట్టు వదిలే క్షణంలో వీల్ హఠాత్తుగా తేలికైపోతుంది. నువ్వు "తిప్పుతూనే ఉంటాను" అన్నావే, ఆ తేలికైన చోటు దాటి తిప్పుతున్నావని నా అనుమానం. అక్కడి నుంచి ఎంత తిప్పినా కారు ఇంకా తిరగదు, టైరు ఊరికే రాసుకుంటుంది. కొంచెం వెనక్కి తిప్పితే మళ్లీ పట్టు దొరుకుతుంది. గోడ ఎదురుగా ఉన్నప్పుడు స్టీరింగ్ వెనక్కి తిప్పడానికి మనసు ఒప్పదు, అదే కష్టం.

బరంపురం_బ్రేక్స్

అందరూ పైన చూస్తున్నారు, నేను కింద చూస్తాను. చక్రాలున్న కుర్చీ!! తమ్ముడూ, నువ్వు బ్రేక్ తొక్కినప్పుడు కారు ఆగుతోందా, కుర్చీ వెనక్కి పోతోందా?

జీ29 బ్రేక్ పెడల్ లోపల రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది, అందుకే అది గట్టిగా ఉంటుంది. గట్టిగా తొక్కితే నువ్వు వెనక్కి, పెడల్స్ ముందుకి. ఆ పెడల్ పీట కింద ఉండే ముళ్లు తివాచీ మీద పట్టుకోవడానికి, మన గచ్చు మీద, టైల్స్ మీద అవి దేనికీ పనికిరావు. దాంతో ఏమవుతుందంటే ప్రతి ల్యాపుకి నీ కాలికీ పెడల్‌కీ దూరం మారుతుంది, నిన్న 80 శాతం బ్రేక్ అనుకున్నది ఇవాళ 60 అవుతుంది. ఆ హెయిర్‌పిన్‌లోకి గంటకి సుమారు 50 కిలోమీటర్ల దగ్గర, ఫస్ట్ గేర్‌లో వెళ్లాలి, ఎఫ్1 క్యాలెండర్ మొత్తంలో అంత నెమ్మదైన మలుపు ఇంకోటి లేదు. నువ్వు 62లో వెళ్లి స్టీరింగ్‌ని తిడితే అదేం చేస్తుంది పాపం.

నా వైద్యం చవక. కుర్చీ చక్రాల్ని ఒక్కోదాన్నీ ఒక్కో పాత బూటులో దించేయ్, కదలదు. పెడల్స్ వెనక ఒక చెక్క పెట్టి ఆ చెక్కని గోడకి ఆనించు. మా ఇంట్లో గోడ దూరమని పాత పరుపు కింద చెక్క ఒకటి పొడుగ్గా వేసి, ఒక చివర పెడల్స్ స్క్రూలతో బిగించి, ఇంకో చివర మీద కుర్చీ ఎక్కించాను, ఇప్పుడు నా బరువే పెడల్స్‌ని పట్టుకుంటుంది.

పెద్దవాళ్లకీ తప్పదులే ఈ హెయిర్‌పిన్ బాధ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) జరిగినప్పుడు బస్సెక్కి వెళ్లాను, హుస్సేన్‌సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. మూడో మలుపు హెయిర్‌పిన్‌లో ఒకే టీమ్ కార్లు రెండు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇద్దరి రేసూ పాడైంది. జీతాలు తీసుకునేవాళ్లే బ్రేక్ దగ్గర లెక్క తప్పితే మనమెంత. గెలిచింది వెర్న్, ఎండకి మాడింది నేను.

సుంకి_ఘాట్

బాబూ, నేను గేములు ఆడను. సాలూరు నుంచి కొరాపుట్, జైపూర్ లారీ నడుపుతాను, 26వ నంబరు హైవే. మా అబ్బాయి దగ్గర ఈ స్టీరింగ్ ఉంది, వాడే నీ పోస్టు చూపించాడు, నేను చెబుతుంటే వాడు కొడుతున్నాడు.

ఒక్క మాట అడుగుతాను. గోడకి తగులుతోంది అంటున్నావు కదా, బండిలో ఏ మూల తగులుతోంది?

ముందు కుడి మూల బయటి గోడకి తగిలితే వేగం ఎక్కువైనట్టు. వెనక ఎడమ చక్రం లోపలి గోడకి తగిలితే వేగంతో పనిలేదు, తొందరపడి ముందే తిప్పేశావని లెక్క. రెండిటికీ మందు ఒకటి కాదు. సుంకి ఘాట్‌లో కొత్త డ్రైవర్లు చేసేది రెండోది. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడుగైతే అంత కోత. అందుకని మలుపు దాకా బయటి అంచు పట్టుకుని నేరుగా పోవాలి, ఇంక తిప్పకపోతే లోయలోకి పోతాం అనిపించాక కూడా ఇంకో రెండు గజాలు ఓర్చుకుని అప్పుడు తిప్పాలి. తిప్పేటప్పుడు బండి ముక్కు వైపు చూడకూడదు, మలుపు దాటాక కనిపించే రోడ్డు వైపు చూడాలి, చెయ్యి చూపు వెంట పోతుంది.

పర్లాకిమిడి_పిట్

పెద్దాయన మీద గౌరవం ఉంది, కానీ లారీకీ ఎఫ్1 కారుకీ పోలికేంటండీ. లారీలో టైరు పట్టు వదిలేదాకా ఎవరూ పోరు, ఇక్కడ ఆ అంచు మీదే బతకాలి. అపెక్స్ (మలుపులో లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోటు) ఆలస్యంగా తీసుకోవడం అనేది వేరే లెక్క, బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ ముందే తొక్కడం కోసం.

జైపూర్_జీటీ

పోలిక ఉంది అన్నా. 2022 నుంచి 2025 దాకా వచ్చిన ఎఫ్1 కార్ల వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 3.6 మీటర్ల దాకా ఉండొచ్చు, వెడల్పు 2 మీటర్లు. మన ఇళ్ల ముందు తిరిగే కార్లు దాని పక్కన పిల్లలు. ఆ పొడుగు వల్లే మొనాకో కోసం టీములు ముందు చక్రాలు మామూలుకంటే ఎక్కువ తిరిగేలా స్టీరింగ్‌లో, సస్పెన్షన్‌లో మార్పులు చేసుకుని మరీ వస్తాయి, ఆ ఒక్క హెయిర్‌పిన్ కోసం. 50 వేగంలో గాలి ఒత్తిడి లేదు, ఏమీ లేదు, అక్కడది అచ్చంగా పొడుగాటి బండి, ఇరుకు మలుపు. సుంకి గారు అడిగిందే సరైన ప్రశ్న, మనమెవరం అడగలేదు. రేస్ తమ్ముడూ, రీప్లేలు చూసి చెప్పు.

రాయగడ_రేస్

అన్నలూ, నిన్న రాత్రి కూర్చుని చూశాను. కరెంటు రెండు సార్లు పోయింది, అయినా చూశాను.

ముందు టీవీ పరీక్ష. జైపూర్ అన్న చెప్పినట్టు వీల్ ఊపితే తెర మీద చేతులు నా వెనకే ఉన్నాయి, నేను ఎడమకి వచ్చేసరికి అవి ఇంకా కుడిలో. లేప్‌టాప్ మీద చూస్తే అతికినట్టు కలిసి తిరిగాయి. టీవీలో గేమ్ మోడ్ వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది, మెనూ మొత్తం ఒడియాలో ఉంది, నాన్న పెట్టుకున్నారు. నాకు ఒడియా వచ్చు, స్కూల్లో చదువుకున్నదే, కానీ సెట్టింగుల మెనూ ఒడియా వేరే భాష!

ఇక రీప్లేలు. సేవ్ అయినవి 14 ఉన్నాయి. నేను పక్కాగా ముక్కే తగులుతోందని అనుకున్నాను, ఎందుకంటే విరిగి కనిపించేది అదే. నెమ్మదిగా తిప్పి చూస్తే 5 మాత్రమే ముందు కుడి మూల. మిగతా 9 ముందుగా వెనక ఎడమ చక్రం లోపలి రైలింగ్‌కి రాసుకుని, దాంతో కారు వంకర తిరిగి, తర్వాత ముక్కు వెళ్లి బయట తగిలింది. సుంకి బాబాయ్, మీరు లారీలో కూర్చుని చెప్పింది నా లేప్‌టాప్‌లో కనిపించింది.

కానీ నాకు అర్థం కానిది ఏంటంటే, జాయ్‌స్టిక్‌తో నేనెప్పుడూ ముందే తిప్పేవాణ్ణి కాదు. ఇప్పుడెందుకు?

జైపూర్_జీటీ

నాకు తోచింది చెబుతాను. టీవీ ఆలస్యం చేస్తోంది, 900 డిగ్రీల వల్ల చెయ్యి ఆలస్యం చేస్తోంది. రెండు మూడు రోజులు బయటి గోడకి కొట్టుకున్నాక నీ బుర్ర నీకు చెప్పకుండానే "కొంచెం ముందు మొదలెడదాం" అని సర్దుకుంది. అలా ముందే తిప్పడం అలవాటైంది. అంటే ఇప్పుడు టీవీ, డిగ్రీలు రెండూ బాగుచేస్తే నువ్వు ఇంకా ఎక్కువ తగిలిస్తావు, చూస్కో. చెయ్యి వేగం పెరుగుతుంది, అలవాటు మాత్రం పాతదే ఉంటుంది. భయపడి మళ్లీ 900కి వెళ్లిపోకు.

పర్లాకిమిడి_పిట్

సరే, సుంకి గారికి నా తరఫున ఒక సారీ. 9 అంటే తక్కువ కాదు.

సాధన ఎలా చేయాలో నేను చెబుతాను, ఇదైనా నన్ను చెప్పనివ్వండి. టైమ్ ట్రయల్‌లో ఘోస్ట్ (పాత ల్యాపుని చూపించే నీడ కారు) ఆపేయ్, ల్యాప్ టైమ్ కనిపించకుండా తీసేయ్. అయిదో మలుపు మిరాబో దాటగానే కిందికి దిగుతూ కుడి అంచు పట్టుకో, నేరుగా ఉన్నప్పుడే బ్రేక్ చాలావరకు అయిపోవాలి, గేర్లు దించడం తిప్పకముందే ఫస్ట్ దాకా పూర్తవ్వాలి. బ్రేక్‌ని ఒక్కసారిగా వదలకుండా, స్టీరింగ్ ఎంత తిరుగుతుంటే అంత మెల్లగా వదులు. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉన్న చోట పెట్టి అక్కడి నుంచి తియ్యకు, 360లో నీకు తీయాల్సిన అవసరం రాదు, మోచేతులు కాస్త ఇరుక్కుంటాయి, అంతే. 40లో వెళ్లినా పర్వాలేదు. గోడ తగలకుండా పది సార్లు వెళ్లాకే వేగం.

ఇంకోటి, ఒక మలుపు వచ్చేసిందని రిలాక్స్ అవ్వకు. 1988లో సెన్నా అదే మొనాకోలో రెండో కారు కంటే సుమారు 50 సెకన్లు ముందుండి, హెయిర్‌పిన్ దాటాక వచ్చే పోర్టియర్ దగ్గర గోడకి కొట్టుకుని, కారు దిగి నేరుగా తన ఇంటికి వెళ్లిపోయాడు. ఇల్లు అక్కడే లే. నీదీ ఇంట్లోనే కాబట్టి నడవాల్సిన పని కూడా లేదు.

సుంకి_ఘాట్

సారీ ఎందుకు బాబూ, మా అబ్బాయి రోజూ నాతో ఇంతకంటే ఎక్కువ వాదిస్తాడు.

కుర్రాడికి ఇంకో మాట. నీ టీవీ ఎంత దూరంలో ఉంది? మా వాడు మొదట మంచం మీద కూర్చుని ఆడేవాడు, ఎదురు గోడకి టీవీ. నేను ఒకసారి కూర్చుని చూస్తే దూరంగా కిటికీలోంచి రోడ్డు చూస్తున్నట్టు ఉంది, పక్కన ఏముందో తెలియదు. క్యాబిన్‌లో కూర్చుంటే అద్దం మన మొహం నిండా ఉంటుంది కదా.

జైపూర్_జీటీ

ఇదీ నిజమే. 43 అంగుళాల టీవీ సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 2 మీటర్ల దూరం నుంచి చూస్తే అది నీ కంటికి ఆక్రమించేది 27 డిగ్రీలే. బల్లని జరిపి 80 సెంటీమీటర్లకి వస్తే 61 డిగ్రీలు. గేము మాత్రం రెండు చోట్లా ఒకే బొమ్మ వేస్తుంది, దూరం నుంచి చూస్తే అంతా చిన్నదై, వేగమూ తెలియదు, గోడ ఎంత దగ్గరో తెలియదు. ఎంత దగ్గరికి వచ్చినా హెయిర్‌పిన్ దాటాక వచ్చే రోడ్డు తెరలోకి రాదనుకో, అది నీ భుజం పక్కన ఉంటుంది. వీల్ మీద ఖాళీ బటన్ ఒకదానికి ఎడమకి చూడటం, ఇంకోదానికి కుడికి చూడటం పెట్టుకో. తిప్పడం మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం నొక్కి చూసి వదిలేయ్.

రాయగడ_రేస్

వారం అయింది, కబురు చెబుదామని వచ్చాను.

జైపూర్ అన్న నోటి మాట పొల్లు పోలేదు, మొదటి రెండు రోజులు పరమ ఘోరం. 360 పెట్టి, గేమ్ మోడ్ ఆన్ చేసి, ఫోర్స్ 62కి దించి వెళ్తే పదికి పది లోపలి రైలింగే. నేను చెయ్యి కదిపీ కదపకముందే కారు ఎడమకి దూకేస్తోంది. ఒక దశలో వీల్ అమ్మేస్తానని మా తమ్ముడికి చెప్పాను, వాడు వెంటనే కొనేవాణ్ణి కూడా తీసుకొచ్చాడు, ద్రోహి.

మూడో రోజు సుంకి బాబాయ్ "ఇంకో రెండు గజాలు" అన్న మాట పట్టుకున్నాను. తిప్పాలనిపించినప్పుడు నోటితో పైకే "ఒకటి" అని లెక్కపెట్టి అప్పుడు తిప్పడం. ఇంట్లో అందరికీ విసుగొచ్చింది, రాత్రి పదకొండింటికి హాల్లోంచి ఒకటి, ఒకటి, ఒకటి. కానీ వెనక చక్రం రైలింగ్ పక్కనుంచి జానెడు దూరంలో వెళ్లిపోవడం మొదటిసారి చూశాను, రీప్లే ఆపి ఫొటో తీసుకున్నాను. అప్పుడే వీల్ తేలికవడం కూడా చేతికి తెలిసింది, ఇన్నాళ్లూ 100లో అది నాకు దొరకనే లేదు. తేలికయ్యాక ఇంకా తిప్పకుండా ఆగితే కారు దానంతట అదే లోపలికి వస్తోంది, భలే వింత.

కుర్చీకి బూట్లు తొడిగాను, నాన్నవి రెండు జతలు, నావి ఒక కాలివి. బ్రేక్ ఇప్పుడు రోజూ ఒకే చోట దొరుకుతోంది. బల్ల జరపడమే కుదరలేదు, టీవీ గోడకి ఉంది, దగ్గరికి జరిగితే పూజ గది దారి మూసుకుపోతుంది. అందుకని లేప్‌టాప్‌నే వీల్ వెనక ఎత్తుగా పుస్తకాల మీద పెట్టి ఆడుతున్నాను, తెర చిన్నదే కానీ దగ్గరగా ఉంది, ఆలస్యమూ లేదు.

నిన్న వరసగా 20 ల్యాపులు, హెయిర్‌పిన్‌లో ఒక్కసారి కూడా తగల్లేదు. టైమ్ 1:16. స్విమ్మింగ్ పూల్ రెండో చికేన్‌లో (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే జంట మలుపు) మాత్రం ఇంకా రెండు మూడు సార్లు కుడి వెనక చక్రం పోతోంది. అదీ ముందే తిప్పడమేనా?

బరంపురం_బ్రేక్స్

అదీ అదే. కానీ అక్కడ "ఒకటి" అనే టైమ్ ఉండదు, లోపలి గోడ కనిపించే చోటు ఒకటి గుర్తు పెట్టుకో, అది దాటాకే తిప్పు. బూట్ల ఫొటో పెట్టు ముందు.

సుంకి_ఘాట్

సంతోషం బాబూ. మొన్న మా వాడు అసెట్టో కోర్సాలో ఇటలీ ఘాట్ రోడ్డు ఒకటి పెట్టి నన్ను కూర్చోబెట్టాడు, ట్రెంటో బొండోనె అంట, 17 కిలోమీటర్లు ఎక్కుడే ఎక్కుడు. 900 డిగ్రీలే, పాత కారు. ఒక్కచోటా తగల్లేదు. ప్రతి మలుపు ముందూ బొటనవేలు హారన్ కోసం వెతుక్కుంటూనే ఉంది, అంతసేపూ ఎదురుగా ఒక్క బస్సు రాలేదు.

రాయగడ_రేస్

బాబాయ్, టైమ్ ఎంత వచ్చింది??

సుంకి_ఘాట్

మా అబ్బాయి కంటే తక్కువే. వాడు ఇది టైప్ చేయనంటున్నాడు.